సముద్రతీర కుటీరంలో మూడు రాత్రులు: మదురై, కోయంబత్తూరు తెలుగు కుటుంబాలకు ఒక యాత్రా ప్రణాళిక

మదురై పరిసరాల తెలుగు పల్లెల నుంచి సముద్రం మూడు, నాలుగు గంటల ప్రయాణం. కోయంబత్తూరు వైపు వారికి ఒక రాత్రి ప్రయాణం. అయినప్పటికీ ఈ ప్రాంతాల తెలుగు కుటుంబాలలో అధికభాగానికి సముద్రంతో ఉన్న పరిచయం ఒక పూట పరిచయమే. తెల్లవారుజామున రామేశ్వరంలో దిగడం, అగ్నితీర్థంలో మునగడం, స్వామి దర్శనం చేసుకొని సాయంత్రానికి బస్సెక్కడం ఇంతకాలంగా సాగుతున్న ఆనవాయితీ. ఇటీవల పరిస్థితి కొంత మారింది. అవ్వాతాతలు, పిల్లలు, సరిహద్దు అవతలి బంధువులు అందరూ కలిసి తీరానికి దగ్గరగా ఒక కుటీరం తీసుకొని, తమ వంట తామే వండుకొని, మూడు రాత్రులు గడిపి రావాలన్న కోరిక అనేక కుటుంబాలలో కనిపిస్తున్నది.

కోరిక మంచిదే. అయితే ఒక పూట యాత్రకు అక్కరలేని జాగ్రత్తలు మూడు రాత్రుల బసకు కావాలి. ఏ మాసంలో వెళ్ళాలి, ఎక్కడ దిగాలి, ఏమి తీసుకువెళ్ళాలి, నీటిలో ఎలా మెలగాలి అన్న విషయాలు బయలుదేరక ముందే తేలిపోవాలి. వాటిని క్రమంగా వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నల్లరేగడి మనుషులు, ఉప్పునీటి తీరం

1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకునితో మదురైలో నాయకుల పాలన ఆరంభమైనదని చరిత్ర చెబుతున్నది. అంతకు ముందూ, ఆ తరువాతా తెలుగు నేల నుంచి దక్షిణానికి తరలివచ్చిన రైతు కుటుంబాలు మదురై, విరుదునగర్, తిరునెల్వేలి, కోయంబత్తూరు ప్రాంతాలలో స్థిరపడ్డాయి. వారిలో అనేకులు ఎన్నుకొన్నది తమకు అలవాటైన నల్లరేగడి భూములనే. కోవిల్‌పట్టి సమీపంలోని ఇడైసేవల్ గ్రామానికి చెందిన ప్రముఖ తమిళ రచయిత కి. రాజనారాయణన్ ఇంట తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టినవారే. ఆ వలస ప్రయాణాన్ని, ఆ పల్లెల ఏర్పాటును ఆయన తమ నవలలలో చిత్రించారు. ‘గోపల్లపురత్తు మక్కళ్’ నవలకు 1991లో సాహిత్య అకాదెమి పురస్కారం లభించింది.

ఈ చరిత్రలో యాత్రకు సంబంధించిన పాఠం ఒకటున్నది. పత్తి, జొన్న, కంబు పండించిన ఈ కుటుంబాలకు బావి తెలుసు, చెరువు తెలుసు, వాన రాకడ తెలుసు. సముద్రపు నడవడి మాత్రం తరతరాలుగా వారి అనుభవంలో లేదు. మత్స్యకార కుటుంబంలోని పదేళ్ళ బాలుడు అలను చూసి చెప్పగలిగిన సంగతిని, లోపలి జిల్లాల నుంచి వచ్చిన నలభై ఏళ్ళ గజ ఈతగాడు చెప్పలేడు. ప్రణాళికలోని ప్రతి అంశమూ ఈ సత్యాన్ని గుర్తుంచుకొనే చేసుకోవాలి.

సత్రం నుంచి కుటీరం దాకా

యాత్రలో ఇంటి వంట తినడం, పరాయి ఊరిలో కుటుంబమంతా ఒక కప్పు కింద పడుకోవడం ఈ ప్రాంతానికి కొత్తవి కావు. 17వ శతాబ్దం చివర మదురైని ఏలిన రాణి మంగమ్మాళ్ బాటలు వేయించి, చెట్లు నాటించి, బాటసారులకు సత్రాలు కట్టించిన పాలకురాలిగా నేటికీ జ్ఞాపకంలో ఉన్నది. మదురై రైల్వే స్టేషను ఎదుట ఆమె పేరిట సత్రం ఉన్నది. ఎడ్లబండిలో రామేశ్వరం వెళ్ళిన పూర్వులు సత్రంలో బండి విప్పి, పొయ్యి రాజేసి, మరునాడు ముందుకు సాగేవారు.

నేటి కుటీర బస ఆ పద్ధతికి కొనసాగింపే. భేదం ఒక్కటే. సత్రం ఊరి నడుమ ఉండేది, కుటీరం ఇసుక మీద, గాలికి ఎదురుగా ఉంటుంది. కనుక సత్రానికి అవసరంలేని ప్రశ్నలు కుటీరానికి అవసరమవుతాయి.

ఏ మాసంలో వెళ్ళాలి?

కుటుంబాలు సాధారణంగా చేసే పొరపాటు బడి సెలవులను మాత్రమే చూసి తేదీ నిర్ణయించడం. సెలవుల పట్టికతో పాటు సముద్రపు పట్టికను కూడా చూడాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తమిళనాడు తీరానికి ఈశాన్య ఋతుపవన కాలం. బంగాళాఖాతంలో తుపానులు పుట్టే కాలమూ ఇదే. దీపావళి సెలవులు సరిగ్గా ఈ కాలంలో వస్తాయి. 2018 నవంబరు 16న గజ తుపాను వేదారణ్యం ప్రాంతంలో తీరం దాటి కొబ్బరితోటలను నేలకూల్చింది. 2017 నవంబరు చివర ఓఖీ తుపాను కన్యాకుమారి మత్స్యకారులను నడిసముద్రంలో పొట్టన పెట్టుకొన్నది. 1964 డిసెంబరు 22వ తేదీ రాత్రి వచ్చిన తుపాను ధనుష్కోడి పట్టణాన్నే తుడిచిపెట్టింది. స్టేషనుకు చేరువలో ఉన్న ప్యాసింజరు రైలు ప్రయాణికులతో సహా అలల పాలయింది. అర్ధసంవత్సర పరీక్షల తరువాత వచ్చే సెలవులు ఈ డిసెంబరు చివరి వారంలోనే వస్తాయన్నది గమనించదగిన విషయం.

జనవరి మధ్య నుంచి మార్చి వరకు ఈ తీరానికి ఉత్తమ కాలం. వానలు వెనుకబడతాయి, ఎండ ఇంకా ముదరదు. సంక్రాంతి సెలవులకు ఒకటి రెండు దినాలు కలుపుకొంటే యాత్రకు సరిపోతుంది. అయితే తై అమావాస్యకు రామేశ్వరం జనసంద్రమవుతుంది. ఆడి అమావాస్య, మహాలయ అమావాస్యలకూ అంతే. ఆ దినాలలో గది దొరకదు. దొరికినా, అమావాస్యకు, పౌర్ణమికి సముద్రపు పోటు ఎక్కువగా ఉంటుందని మరువరాదు.

ఏప్రిల్, మే మాసాలు పిల్లలకు అనుకూలం, ఎండకు ప్రతికూలం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 దినాలు తూర్పు తీరంలో మరపడవల చేపల వేట నిషేధం. అందుచేత పెద్ద చేపలు తక్కువగా దొరుకుతాయి, ధర హెచ్చుతుంది. తాటిముంజెలు మాత్రం సమృద్ధిగా లభించే కాలమిది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి గాలుల ఉధృతి వలన మన్నారు సింధుశాఖ వైపు నీరు కల్లోలంగా ఉంటుంది.

ఇక్కడ ఒక విశేషం తెలుసుకోవాలి. పాంబన్ దీవికి ఉత్తరాన పాక్ సముద్రం, దక్షిణాన మన్నారు సింధుశాఖ ఉన్నాయి. స్థానికులు ఉత్తరపు నీటిని ‘పెణ్ కడల్’ అనీ, దక్షిణపు నీటిని ‘ఆణ్ కడల్’ అనీ వ్యవహరిస్తారు, అనగా ఆడ సముద్రం, మగ సముద్రం. సాధారణంగా ఉత్తరం శాంతం, దక్షిణం రౌద్రం. ఈశాన్య గాలులు వీచే కాలంలో మాత్రం ఉత్తరపు నీరు కూడా రేగుతుంది. ఏ కాలంలో ఏ వైపు తీరం మేలో కుటీరం చూపించేవారిని కాక, వల బాగుచేసుకొంటున్న మత్స్యకారుని అడగడం మంచిది.

ఎక్కడ బస?

మదురై నుంచి రామనాథపురం మీదుగా రామేశ్వరం సుమారు 170 కిలోమీటర్లు. కోయంబత్తూరు నుంచి మదురైకి మరో 215 కిలోమీటర్లు. ప్రధాన భూమి చివర ఉన్న మండపం, దీవి మీద ఉన్న పాంబన్, రామేశ్వరం ఈ మూడింటిలో ఒకదానిని కేంద్రంగా చేసుకోవచ్చు. రామేశ్వరంలో తమిళనాడు పర్యాటక అభివృద్ధి సంస్థ వారి విడిది ఉన్నది. ప్రైవేటు కుటీరాలు, తాటాకు కప్పు వేసిన పాకలు, వివిధ సంఘాల సత్రాలు కూడా ఉన్నాయి.

ధనుష్కోడిలో మాత్రం రాత్రి బస లేదు. 1964 తరువాత ఆ ఊరు నివాసయోగ్యం కాదని ప్రభుత్వం ప్రకటించింది. 2017లో అరిచల్‌మునై కొస వరకు తారురోడ్డు పడినందున ఇప్పుడు సొంత వాహనంలోనే వెళ్ళవచ్చు, కాని సాయంత్రానికి తిరిగి రావలసిందే. అక్కడ రాత్రి బస ఇప్పిస్తామని ఎవరైనా చెబితే నమ్మరాదు.

కన్యాకుమారి వైపు వెళ్ళదలచినవారికి మదురై నుంచి సుమారు 245 కిలోమీటర్లు. వివేకానంద కేంద్రం వారి వివేకానందపురంలో కుటుంబాలకు వసతి లభిస్తుంది. చిత్తూరు, కుప్పం వైపు బంధువులకు దగ్గరగా ఉండాలనుకొంటే మామల్లపురంలో తమిళనాడు పర్యాటక సంస్థ వారికి సముద్రానికి ఎదురుగా కుటీరాలు ఉన్నాయి. తెలుగునాట తీరమే చూడాలనుకొనే కుటుంబాలకు బాపట్ల దగ్గరి సూర్యలంక ఉన్నది. చెన్నై, విజయవాడ ప్రధాన రైలుమార్గంలోని బాపట్ల స్టేషను నుంచి అది తొమ్మిది కిలోమీటర్ల దూరం. అక్కడ ఆంధ్రప్రదేశ్ పర్యాటక సంస్థ కుటీరాలు తీరం పక్కనే ఉన్నాయి.

కుటీరం ఖాయం చేసే ముందు

బయానా చెల్లించే ముందు ఫోనులోనే అడిగి, జవాబులను కాగితం మీద వ్రాసుకోవలసిన ప్రశ్నలు ఇవి.

1. కుటీరానికి స్థానిక సంస్థ అనుమతి ఉన్నదా? తీరానికి దగ్గరి నిర్మాణాలకు కేంద్ర ప్రభుత్వపు తీరప్రాంత నియంత్రణ నిబంధనలు 1991 నుంచి అమలులో ఉన్నాయి. అనుమతి లేని పాకను అధికారులు ఎప్పుడైనా తొలగించవచ్చు. అప్పుడు బయానా సొమ్ము తిరిగి రాదు.

2. పోటు సమయంలో నీరు ఎంతవరకు వస్తుంది? కుటీరం నుంచి మెరక ప్రదేశానికి లేదా గట్టి మేడకు నడిచి వెళ్ళే దారి ఉన్నదా? రాత్రి ఆ దారిలో దీపాలు ఉంటాయా?

3. త్రాగునీరు ఎక్కడిది? తీరప్రాంతంలో బోరునీరు తరచుగా ఉప్పగా ఉంటుంది.

4. వంటకు వేరే గది ఉన్నదా? తాటాకు కప్పు కింద పొయ్యి వెలిగించనిస్తామని చెప్పే చోట బస చేయకపోవడమే శ్రేయస్కరం.

5. మరుగుదొడ్డి కుటీరంలోనే ఉన్నదా? వృద్ధులు రాత్రివేళ ఇసుకలో నడవవలసి వస్తుందా?

6. తుపాను హెచ్చరిక వస్తే తేదీ మార్చుకోనిస్తారా, సొమ్ము తిరిగి ఇస్తారా?

ఆరవ ప్రశ్న అన్నిటికంటె ముఖ్యమైనది. సొమ్ము పోతుందన్న భయంతోనే అనేకులు హెచ్చరికను లెక్కచేయకుండా బయలుదేరుతారు. తిరిగి ఇవ్వమని ముందే తేల్చి చెప్పిన చోట బయానా ఎంత తక్కువగా ఇస్తే, వెనుకకు తగ్గే ధైర్యం అంత ఎక్కువగా ఉంటుంది.

ప్రయాణం, వంట సరంజామా

1914లో ప్రారంభమైన పాత పాంబన్ రైలు వంతెన మీద 2022 డిసెంబరులో రాకపోకలు నిలిచిపోయాయి. పక్కనే నిర్మించిన కొత్త వంతెన 2025 ఏప్రిల్ 6న ప్రారంభమైనందున రైళ్ళు మళ్ళీ రామేశ్వరం వరకు వెళుతున్నాయి. తిరుపతి, రామేశ్వరం మధ్య నడిచే ఎక్స్‌ప్రెస్ చిత్తూరు, కాట్పాడి మీదుగా వెళుతుంది కనుక సరిహద్దు జిల్లా బంధువులు నేరుగా వచ్చి కలుసుకోవచ్చు. నడిచే వారాలను టిక్కెట్టు తీసుకొనే ముందు సరిచూసుకోవాలి. రోడ్డు వంతెన 1988 నుంచి ఉన్నది. వ్యానులో వచ్చే కుటుంబాలకు అదే దారి.

కోయంబత్తూరు కుటుంబాలు రాత్రంతా వాహనం నడిపించి తెల్లవారేసరికి సముద్రం చేరాలని తొందరపడతాయి. అంతకంటె ముందుదినం సాయంత్రమే మదురై పరిసరాలలోని బంధువుల ఇంటికి చేరి, అక్కడ నిద్రించి, వేకువన బయలుదేరడం డ్రైవరుకూ పిల్లలకూ క్షేమం. అత్తామామల ఇల్లో, మేనత్త ఇల్లో దారిలో లేని తెలుగు కుటుంబం ఈ ప్రాంతంలో అరుదు.

రైలులో వచ్చేవారు ఒక సంగతిని ఎన్నటికీ మరువరాదు. 2023 ఆగస్టు 26న తెల్లవారుజామున మదురై స్టేషను దగ్గర నిలిపి ఉంచిన యాత్రికుల పెట్టెలో మంటలు చెలరేగి తొమ్మిది మంది మరణించారు. వారు ఉత్తరప్రదేశ్ నుంచి దక్షిణదేశ యాత్రకు వచ్చినవారు. నిబంధనలకు విరుద్ధంగా పెట్టెలోకి తెచ్చిన వంట గ్యాస్ సిలిండరే ఆ ప్రమాదానికి కారణం. సిలిండరు, కిరసనాయిలు, స్టవ్వు, టపాకాయలు రైలులో తీసుకువెళ్ళడం శిక్షార్హమైన నేరం. ఎంత చిన్న సిలిండరైనా సరే, మూటలో చుట్టి పెట్టుకోరాదు. కుటీరంలో వంటగది లేకపోతే దిగిన ఊరిలో స్టవ్వును అద్దెకు తీసుకోవచ్చు.

గిన్నెలలో రెండు పెద్దవి, ఒక చిన్నది చాలును. వాటితో పాటు పట్టుకారు, కత్తి, మూతగల డబ్బాలు, ఇరవై మీటర్ల గట్టి తాడు, రెండు టార్చిలైట్లు, దోమతెరలు, ఒక టార్పాలిన్, మడత చాపలు, గుడ్డ సంచులు తీసుకువెళ్ళాలి. మందుల పెట్టెలో ఓఆర్‌ఎస్ పొట్లాలు, దూది, కట్టు గుడ్డలు, జ్వరం మాత్రలు, వృద్ధులు రోజూ వాడే మందులు మరో రెండు దినాలకు అదనంగా ఉండాలి. ప్రతి పెద్దవారి గుర్తింపు కార్డు దగ్గర ఉండాలి. శ్రీలంకకు సమీపమైన తీరం కావడంతో పోలీసు తనిఖీలు మామూలే.

నీరు, ఆహారం

పది మంది కుటుంబానికి త్రాగడానికి, వండడానికి కలిపి మనిషికి దినానికి నాలుగు లీటర్ల చొప్పున మూడు దినాలకు 120 లీటర్లు కావాలి. ఇరవై లీటర్ల క్యానులు ఆరు. వీటిని రామనాథపురంలో నింపుకొంటే దీవి మీద వెతుకులాట తప్పుతుంది. ఖాళీ క్యానులను పారవేయరాదు. వాటి ఉపయోగం తరువాత చెప్పబడుతుంది.

మొదటి పూటకు ఇంటి నుంచే పులిహోర, పెరుగన్నం కట్టుకోవాలి. పెరుగన్నం మధ్యాహ్నం దాటనీయక ముందుగా తినాలి, పులిహోర రాత్రికీ నిలుస్తుంది. రాగిపిండి, కంబుపిండి, వేరుశనగ పొడి, చింతపండు, ఎండుమిరప, నిమ్మకాయ ఊరగాయ ఉంటే ఏ పూటకూ ఇబ్బంది ఉండదు. రాగిసంగటికి తీరంలో దొరికే చేపల పులుసు చక్కగా అమరుతుంది. చేపలు తిననివారికి రామనాథపురం సంతలో కూరగాయలు దొరుకుతాయి. ఈ జిల్లా తాటిచెట్లకు ప్రసిద్ధి, తాటిబెల్లం ఇక్కడే కొనుక్కోవచ్చు. ఉప్పుగాలికి పప్పులు, పిండి త్వరగా చెమ్మగిల్లుతాయి కాబట్టి బిగుతైన డబ్బాలలోనే ఉంచాలి.

సముద్రంలో దిగేవారికి

ఈ వ్యాసంలో మరేదీ గుర్తుండకపోయినా ఈ భాగం గుర్తుండాలి.

2024 మే 6న కన్యాకుమారి జిల్లా గణపతిపురం దగ్గరి లెమూర్ తీరంలో ఐదుగురు వైద్య విద్యార్థులు అలలకు కొట్టుకుపోయి మరణించారు. ఆ దినాలలో తుపాను లేదు, వాన లేదు. దక్షిణాన వేల కిలోమీటర్ల దూరంలో హిందూ మహాసముద్రంలో రేగిన గాలుల వలన పుట్టిన దీర్ఘమైన అలలు నిర్మలాకాశం కింద తీరానికి వచ్చిపడ్డాయి. మలయాళ మత్స్యకారులు దీనిని ‘కళ్లక్కడల్’ అంటారు. అనగా దొంగ సముద్రం. నేడు శాస్త్రజ్ఞులూ అదే మాటను వాడుతున్నారు. హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం ఈ అలలను గురించి ముందుగానే హెచ్చరికలు ఇస్తుంది. ఆ సందర్భంలో కూడా ఇచ్చింది. బయలుదేరే ముందుదినమూ, తీరంలో ప్రతి ఉదయమూ ఆ కేంద్రం, వాతావరణ శాఖ ఇచ్చే సూచనలను చూడడం ఇంటిపెద్ద బాధ్యత.

రెండవ అపాయం తిరుగు ప్రవాహం. ఒడ్డుకు కొట్టిన నీరు మళ్ళీ లోపలికి పోవాలి. ఇసుకదిబ్బల నడుమ పల్లం ఉన్నచోట ఆ నీరంతా ఒక కాలువలాగా చేరి వేగంగా లోపలికి పారుతుంది. అక్కడ అలలు విరగవు, నురుగు ఉండదు, నీరు నల్లగా, నిమ్మళంగా కనబడుతుంది. చెరువులలో ఈత నేర్చినవారు అదే భద్రమైన చోటు అని భ్రమపడి అక్కడే దిగుతారు. ప్రాణాలు పోయేది అక్కడే.

ఆ ప్రవాహంలో చిక్కినవారు ఒడ్డుకు ఎదురీదరాదు. ఎంతటి ఈతగాడైనా నిమిషాలలో అలసిపోతాడు. వెల్లకిలా తేలి, చేయి ఎత్తి సాయం కోరాలి. శక్తి ఉంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి. ఆ ప్రవాహం వెడల్పు తక్కువ కనుక పక్కకు తప్పుకొన్న తరువాత అలలే ఒడ్డు వైపు తెస్తాయి. ఒడ్డున ఉన్నవారు ఆవేశంతో దూకరాదు. ఒకరిని రక్షించబోయి ఇద్దరు, ముగ్గురు మునిగిపోవడం ప్రతి ఏటా వింటున్న వార్తే. మూత బిగించిన ఖాళీ నీళ్ళ క్యానుకు తాడు కట్టి విసరాలి. పైన చెప్పిన క్యాను, తాడుల అసలు ఉపయోగం ఇదే. కుటుంబం నీటిలో ఉన్నంతసేపు ఆ రెండూ ఒక పెద్దమనిషి చేతిలో ఒడ్డున ఉండాలి. ఆయన ఆ సమయంలో ఫోను చూడరాదు.

పిల్లలకు మోకాలి లోతు, పెద్దలకు నడుము లోతు హద్దు. చీకటి పడిన తరువాత ఎవరూ దిగరాదు. మద్యం సేవించినవారిని నీటి దరికి రానీయరాదు. జెల్లీ చేప తగిలి మంట పుడితే రుద్దకుండా సముద్రపు నీటితోనే కడిగి వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళాలి.

మూడవది సునామీ. ఇది ఏ ఋతువులోనైనా రావచ్చు. 2004 డిసెంబరు 26న ఒక్క నాగపట్టినం జిల్లాలోనే ఆరువేల మందికి పైగా మరణించారు. భూమి కంపించినా, సముద్రం హఠాత్తుగా వెనుకకు తగ్గి అడుగు బయటపడినా వింత చూడడానికి ముందుకు పోక, వెంటనే మెరకకు పరుగెత్తాలి. ఆ దారిని మొదటి సాయంత్రమే కుటుంబమంతా ఒకసారి నడిచి చూసుకోవాలి. అత్యవసర సాయానికి 112, అంబులెన్సుకు 108, తీర రక్షక దళానికి 1554, జిల్లా విపత్తు నిర్వహణ కేంద్రానికి 1077 నంబర్లు కుటీరం తలుపు మీద అంటించుకోవాలి.

నాలుగు దినాల క్రమం

మొదటి దినం మధ్యాహ్నానికి బస చేరాలి. కుటీరం, కరెంటు తీగలు, బయటికి పోయే దారి పరీక్షించుకొని, సాయంత్రం ఒడ్డున కూర్చోవడంతో సరిపెట్టుకోవాలి. అలసిన దేహాలతో నీటిలో దిగరాదు.

రెండవ దినం రామేశ్వరం. అగ్నితీర్థ స్నానం, ఆలయంలోని 22 తీర్థాలు, పొడవైన ప్రాకార మండపాలు, పేయ్‌కరుంబులో 2017లో ప్రారంభమైన అబ్దుల్ కలాం స్మారకం ఒక దినానికి సరిపోతాయి. తీర్థాల మధ్య రాళ్ళు తడిసి జారుతాయి కనుక వృద్ధుల చేయి వదలరాదు.

మూడవ దినం వేకువన ధనుష్కోడి. శిథిలమైన చర్చి, రైల్వే కట్టడాల గోడలు, 1964 తుపానుకు నిలిచిన కోదండరామస్వామి ఆలయం పిల్లలకు పుస్తకం కంటె బాగా చరిత్ర చెబుతాయి. శీతకాలంలో రాజహంసలు వచ్చే ఆ జలాలను 2025 జూన్‌లో తమిళనాడు ప్రభుత్వం అభయారణ్యంగా ప్రకటించింది. రెండు సముద్రాలు కలిసే అరిచల్‌మునై దగ్గర ప్రవాహాలు బలమైనవి, అక్కడ స్నానం చేయరాదు. ఎండ ముదరక ముందే తిరిగిరావాలి.

నాలుగవ దినం తిరుగు ప్రయాణంలో రామనాథపురం నుంచి దేవీపట్టినం వెళ్ళి సముద్రంలోని నవపాషాణం చూడవచ్చు. సమయం ఉన్నవారు కారంకాడు గ్రామం దగ్గరి మడ అడవులలో, స్థానికులే నడిపే పడవలలో విహరించవచ్చు. పడవ ఎక్కే ముందు ప్రతి ఒక్కరికీ లైఫ్‌ జాకెట్టు ఉన్నదో లేదో లెక్క చూసుకోవాలి.

తీరం నుంచి తేకూడనివి

రామేశ్వరం, తూత్తుకుడి మధ్య ఉన్న 21 చిన్న దీవులు 1986లో మన్నారు సింధుశాఖ సముద్ర జాతీయోద్యానంగా ఏర్పడ్డాయి. అనుమతి లేకుండా వాటి మీద దిగడం, బస చేయడం నేరం. పగడపు ముక్కలు, సముద్రపు గుర్రాలు, కడలి దోసకాయలు, కొన్ని రకాల శంఖాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షితాలు. ఒడ్డున పడి ఉన్న పగడాన్ని పిల్లవాడు జేబులో వేసుకొన్నా అది చట్టవిరుద్ధమే. ప్లాస్టిక్ సంచులు సముద్రపు ఆవుల పొట్టలో చేరుతాయి. పాక్ సముద్రంలో వాటికోసం 2022లో దేశంలోనే మొదటి సంరక్షణ ప్రాంతం ఏర్పాటయింది. తెచ్చిన చెత్తను తిరిగి సంచిలోనే తీసుకువెళ్ళాలి.

హెచ్చరిక పలకల మీది భాష

ఈ కుటుంబాలకు ప్రత్యేకమైన సమస్య ఒకటున్నది. కోయంబత్తూరు, మదురై తెలుగు ఇళ్ళలో పిల్లలు తెలుగు మాట్లాడుతారు, తమిళం చదువుతారు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత బడులలో తమిళం క్రమంగా తప్పనిసరి అయింది. ఇళ్ళలో తెలుగు లిపి నేర్పేవారు తక్కువ. సరిహద్దు ఇవతలి బంధువుల పరిస్థితి దీనికి తలక్రిందులు. రామేశ్వరంలో చిత్తూరు బంధువు హెచ్చరిక పలకను చదవలేడు. సూర్యలంకలో మదురై పిల్లవాడు తెలుగు అర్థమయ్యి కూడా ‘లోతు ఎక్కువ’ అన్న రెండు మాటలను చదవలేడు. తీరంలో ఈ లోపం ప్రాణాపాయానికి దారి తీయవచ్చు.

కనుక యాత్రకు వారం ముందు నుంచి ఇంట్లో దినానికి రెండు మాటల చొప్పున రెండు లిపులలోనూ నేర్పించాలి. తుపానుకు తమిళంలో పుయల్, అలకు అలై, లోతుకు ఆళం, ఒడ్డుకు కరై, ప్రవాహానికి నీరోట్టం, అపాయానికి ఆబత్తు, హెచ్చరికకు ఎచ్చరిక్కై. వీటిలో సగం మాటలు వినగానే చుట్టరికం తెలిసిపోతుంది. ఒక నోటుపుస్తకంలో ఎడమ వైపు తెలుగు, కుడి వైపు తమిళం వ్రాయించి, తీరంలో కనబడిన ప్రతి పలకనూ పిల్లల చేత చదివించి అందులో ఎక్కించమనాలి. చిత్తూరు బావ మదురై మరదలికి తెలుగు అక్షరం చూపిస్తే, ఆమె అతనికి తమిళ అక్షరం చూపిస్తుంది. మూడు రాత్రులలో ఇద్దరికీ పది పదిహేను మాటలు పట్టుబడతాయి.

తిరిగి వచ్చిన తరువాత ఆ పుస్తకాన్ని అటక మీద వేయక, ఖర్చుల లెక్క, నీటి లెక్క, కుటీరం గుణదోషాలు, ఫోను నంబర్లు అందులోనే వ్రాసి పెట్టుకోవాలి. వచ్చే ఏడు బయలుదేరే మరో కుటుంబానికి అది చేతికి అందిన మార్గదర్శి అవుతుంది.